వేంగిని వేరు రాజ్యం చేసిన కుబ్జ విష్ణువర్ధనుడు



మన ప్రాంతపు చరిత్రలో పేరుపొందిన ఒకరి జీవితాన్ని గురించి ఈ ప్రత్యేక సంచికకు వ్రాయమని సంపాదకవర్గం వారు ఆదేశించారు. నేను పెదవేగి వాడిని, రెవెన్యూ శాఖలో చేసి రిటైరయినవాడిని. చరిత్ర పండితుణ్ణి కాను. కాని ఆర్డర్లు, సీళ్లు, సంతకాల మధ్య జీవితం గడిపినవాడిని కనుక, సుమారు 1400 సంవత్సరాల క్రిందట మా ఊరిని రాజధాని చేసుకుని ఏలిన కుబ్జ విష్ణువర్ధనుని గురించి నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

ఈ రాజునే ఎన్నుకోవడానికి ఒక కారణం ఉంది. డిగ్రీ చదువుతున్న మా మనవరాలు ఈమధ్య ఒక ప్రశ్న వేసింది. ఐరోపాలో నార్వే, స్కాట్లండు రెండూ సుమారు 55 లక్షల జనాభా గలవే. రెంటికీ హద్దులున్నాయి, రెంటికీ శాసనసభలున్నాయి, రెంటికీ పూర్వం సొంత రాజులుండేవారు. మరి నార్వే సర్వసత్తాక దేశం ఎలా అయింది, స్కాట్లండు ఎందుకు కాలేదు తాతయ్యా అని అడిగింది. పుస్తకాలలో జవాబు వెతుకుతూ వెతుకుతూ ఉంటే, చివరకు మా ఊరి చరిత్రలోనే నాకు జవాబు కనిపించింది.

అన్నచాటు తమ్ముడు

విష్ణువర్ధనుడు మన ప్రాంతంవాడు కాడు. నేటి కర్ణాటకలోని బాదామి రాజధానిగా ఏలిన చాళుక్య వంశంలో పుట్టాడు. తండ్రి మొదటి కీర్తివర్మ. అన్నగారు రెండవ పులకేశి. పేరుకు ముందున్న కుబ్జ శబ్దానికి పొట్టివాడని, గూనివాడని అర్థం. శరీరంలో అటువంటి లోపమేదో ఉండి ఉంటుందని పండితులు అంటారు. తరువాతి తరాలవారు ఆ మాటను దాచకుండా తమ శాసనాలలో మూలపురుషుని పేరుకు చేర్చి గర్వంగా చెప్పుకున్నారు.

ఈ అన్నదమ్ముల చిన్నతనం సుఖంగా గడవలేదు. తండ్రి పోయిన తరువాత పినతండ్రి మంగళేశుడు రాజ్యం చేశాడు. తన తరువాత రాజ్యం తన కొడుకుకే దక్కాలని అతడు ప్రయత్నించడంతో పులకేశి తిరగబడ్డాడు. ఇంటిలోనే యుద్ధం జరిగింది. మంగళేశుడు అందులో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. సుమారు 610 నాటికి పులకేశి సింహాసనం ఎక్కాడు. రాజ్యం కోసం ఒకే ఇంటివాళ్లు కత్తులు దూసుకుంటే ఏమవుతుందో ఈ అన్నదమ్ములు కళ్లారా చూశారు. తరువాత కథకు ఇదే కీలకమని నా అభిప్రాయం.

పులకేశి ఎనిమిదవ రాజ్య సంవత్సరంలో, అంటే సుమారు 617లో, విష్ణువర్ధనుడు ఇచ్చిన దానశాసనం ఒకటి మహారాష్ట్రలోని సతారాలో దొరికింది. అందులో ఆయన యువరాజు. లెక్కించిన సంవత్సరం అన్నగారి పాలనా సంవత్సరం. దానం చేసింది తమ్ముడయినా అధికారం అన్నగారిది. మన ఆఫీసులలో క్రింది అధికారి సంతకం చేసి, దాని క్రింద కలెక్టరు గారి తరఫున అని వ్రాసేవారు కదా, అటువంటిదన్నమాట.

కొల్లేటి నీళ్లు ఎర్రబడిన యుద్ధం

ఆ కాలంలో వేంగి విష్ణుకుండినుల ఏలుబడిలో ఉండేది. వారి రాజధానులలో ఒకటయిన లెందులూరే మన పక్కనున్న దెందులూరు. అంతకుముందు, నాలుగవ శతాబ్దంలో, శాలంకాయనులు వేంగి నుంచి ఏలారు. వారిలో హస్తివర్మ పేరు అలహాబాదులోని సముద్రగుప్తుని స్తంభశాసనంలో కనబడుతుంది. కాబట్టి చాళుక్యులు వచ్చేనాటికే మా ఊరు పాత రాజధాని.

పులకేశి తూర్పుదిక్కుకు దండెత్తి వచ్చి పిష్టపురాన్ని, అంటే నేటి పిఠాపురాన్ని, పట్టుకున్నాడు. కునాల సరస్సు దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. ఆ కునాలమే మన కొల్లేరు. ఐహోళెలోని మేగుటి జైన ఆలయం గోడపై రవికీర్తి అనే కవి 634-35లో చెక్కించిన శాసనంలో ఈ యుద్ధం ఉంది. చచ్చినవారి నెత్తుటితో సరస్సు నీళ్లు ఎర్రబడ్డాయని ఆయన వర్ణించాడు. ఈనాడు పక్షులను చూడడానికి జనం పడవలెక్కే కొల్లేటిలో అంత ఘోరం జరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

గెలవడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరొక ఎత్తు. బాదామి ఎక్కడ, కొల్లేరు ఎక్కడ! నడుమ కొండలు, అడవులు, నదులు. అంతదూరం నుంచి ఉత్తర్వులు పంపి ఇక్కడి శిస్తు వసూలు చేయించడం ఆ రోజులలో కుదిరే పని కాదు. అందుకని పులకేశి తన తమ్ముణ్ణి ఇక్కడ ప్రతినిధిగా నియమించాడు. విష్ణువర్ధనుడు మొదట పిష్టపురం నుంచి పాలించాడనీ, తరువాత వేంగి రాజధాని అయిందనీ చరిత్రకారులు చెబుతారు.

ఇన్‌ఛార్జి ఎప్పుడు అధిపతి అయ్యాడు?

ఉత్తరాంధ్రలో దొరికిన చీపురుపల్లి, తిమ్మాపురం తామ్రశాసనాలు విష్ణువర్ధనుడు ఇచ్చినవి. వీటికీ సతారా శాసనానికీ నడుమ తేడా ఆఫీసులలో పనిచేసిన మనకు వెంటనే తెలుస్తుంది. అక్కడ యువరాజు, ఇక్కడ మహారాజు. అక్కడ లెక్క అన్నగారి సంవత్సరాలు, ఇక్కడ సొంత రాజ్య సంవత్సరాలు. చీపురుపల్లి శాసనం ఆయన 18వ సంవత్సరంలోది. దాని ముద్రపై ఆయన బిరుదమే ఉంది. ఆ బిరుదం విషమసిద్ధి, అంటే కష్టసాధ్యమయిన వాటిని సాధించినవాడు. సింహం బొమ్మా, అదే బిరుదమూ ఉన్న నాణేలను కూడా పండితులు ఆయనకే చెబుతారు.

మరి ఈ మార్పు ఏనాడు జరిగింది? స్వాతంత్ర్య ప్రకటన అంటూ ఏదీ లేదు. అన్నమీద తమ్ముడు తిరగబడిన జాడ ఏ శాసనంలోనూ లేదు. చీపురుపల్లి శాసనంలో శ్రావణమాసపు చంద్రగ్రహణం ఉన్నది. అది 632 నాటిదని ఫ్లీట్ దొర గణించి, విష్ణువర్ధనుని పాలన 615లో మొదలయిందన్నాడు. తరువాతి పండితులలో ఎక్కువమంది 624 అని నిర్ణయించారు. ఆ లెక్కన 641 వరకు పద్దెనిమిదేళ్లు. పెద్ద పండితులకే తేదీ మీద ఏకాభిప్రాయం కుదరలేదంటే కారణం ఒక్కటే. వేరుపడడం ఒక్కరోజులో జరగలేదు. అన్న మెల్లమెల్లగా పగ్గాలు వదిలాడు, తమ్ముడు మెల్లమెల్లగా బాధ్యతలు ఎత్తుకున్నాడు.

పినతండ్రితో పోరాడి రాజ్యం తెచ్చుకున్న పులకేశి, తమ్ముడితో అటువంటి పోరు రాకుండా జాగ్రత్తపడ్డాడని నాకు తోస్తుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దవాడు బ్రతికుండగానే, మనసు నొచ్చుకోకుండా తమ్ముడి చేత వేరుకాపురం పెట్టించినట్లు ఇది జరిగింది.

పాలనలో ఆయన తీరు

ముద్ర కొట్టించినంత మాత్రాన రాజ్యం నిలబడదు. నమ్మకస్తులు కావాలి. పట్టవర్ధిని వంశానికి చెందిన కాలకంపుడు అనే సేనాని విష్ణువర్ధనుని అనుమతితో దద్దరుడనే శత్రువును చంపి అతని రాజచిహ్నాలు తెచ్చుకున్నట్లు, మూడు వందల ఏళ్ల తరువాతి మొదటి అమ్మరాజు శాసనం చెబుతుంది. అట్లాగే నాలుగవ వర్ణానికి చెందిన బుద్ధవర్మ అనే వీరునికి 73 గ్రామాల సీమనూ రాజలాంఛనాలనూ కుబ్జ విష్ణువు ఇచ్చాడని 12వ శతాబ్దపు పిఠాపురం స్తంభశాసనం చెబుతుంది. అయిదు వందల ఏళ్లు దాటినా ఆ వంశంవారు తమ అధికారానికి మూలం ఆయన దగ్గరే చూపించుకున్నారు. మన భాషలో చెప్పాలంటే, ఆయన ఇచ్చిన పట్టా అన్నేళ్లూ చెల్లింది. సొంత పేరుతో అధికారం ఇవ్వగలగడం, ఇచ్చినది చెల్లడం సర్వాధికారానికి గుర్తు.

విష్ణువర్ధనుడు విష్ణుభక్తుడు. ఆయన రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి వసది అనే జైన ఆలయానికి ముషినికొండ అనే గ్రామాన్ని ఇచ్చింది. తరువాత మూడవ విష్ణువర్ధనుడు ఆ దానాన్ని తిరిగి ధ్రువపరిచాడు. ఆలుమగల మతాలు వేరయినా రాజ్యానికి ఇబ్బంది రాలేదు.

చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ దక్షిణదేశంలో తిరిగినది ఈ రాజు చివరి రోజులలోనే. ఆంధ్రదేశమని ఒక దేశాన్ని వేరుగా పేర్కొని, దాని రాజధాని చుట్టుకొలత 20 లీలు అని వ్రాశాడు. ఆయన వ్రాసిన చీనా పేరు మన వేంగిదేనని పండితుల అభిప్రాయం. ఇరవై పైచిలుకు సంఘారామాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారన్నాడు. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకంటె వేరు, లిపి మాత్రం దాదాపు అదే అని గమనించాడు. దారిన పోయే పరదేశి ఒకడు ఇది వేరే దేశమని తన పుస్తకంలో వ్రాసుకున్నాడంటే, అంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

ఐరోపాలో జరిగిన వేరుకాపురం

ఇప్పుడు మనవరాలి ప్రశ్న దగ్గరకు వస్తాను. ఐరోపాలో ముప్పయ్యేళ్ల యుద్ధానికి ముగింపుగా 1648లో వెస్ట్‌ఫేలియా సంధి జరిగింది. ఒక రాజ్యపు లోపలి వ్యవహారాలలో బయటివారు తలదూర్చరాదనే పద్ధతికి అక్కడే పునాది పడిందని సాధారణంగా చెబుతారు. తరువాత 1933లో దక్షిణ అమెరికాలోని మాంటెవీడియోలో కుదిరిన ఒప్పందం దేశానికి నాలుగు లక్షణాలు చెప్పింది. స్థిరంగా నివసించే ప్రజలు, ఏర్పడిన హద్దులు, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే శక్తి. ఈ నాలుగూ ఇప్పటికీ కొలమానంగా వాడతారు.

నార్వే 1814 నుంచి స్వీడన్ రాజు క్రింద ఉండేది. సొంత రాజ్యాంగం, సొంత పార్లమెంటు ఉన్నా పరదేశ వ్యవహారాలు స్వీడన్ చేతిలో ఉండేవి. నార్వే ఓడలు ప్రపంచమంతా తిరిగేవి, కాని రేవులలో వారి పనులు చూసే కాన్సళ్లు వారికి వేరుగా లేరు. ఆ తగాదా ముదిరి 1905 జూన్ 7న నార్వే పార్లమెంటు స్వీడన్‌తో కలయిక ముగిసిందని తీర్మానించింది. ఆగస్టులో ప్రజాభిప్రాయం అడిగితే 3,68,208 మంది వేరుపడదామన్నారు. వద్దన్నవారు 184 మంది. యుద్ధం లేకుండా మాట్లాడుకుని ఆ అక్టోబరులో స్వీడన్ ఒప్పుకున్నది. స్కాట్లండుకు 1999 నుంచి సొంత పార్లమెంటు ఉన్నా రక్షణ, పరదేశ వ్యవహారాలు లండన్ చేతిలోనే ఉన్నాయి. 2014లో అడిగినప్పుడు 55 శాతం మంది వేరుపడవద్దన్నారు. తేడా అదే. నార్వే పెద్దింటి నుంచి బయటకు వచ్చింది, పెద్దిల్లు సరేనన్నది. స్కాట్లండు ప్రజలు ఆ ఇంట్లోనే ఉంటామన్నారు.

ఇంకొక విశేషం ఉంది. కొత్త నార్వేకు రాజు కావలసివస్తే డెన్మార్క్ రాజకుటుంబంలోని చిన్న కుమారుణ్ణి పిలిచి హాకన్ అనే పేరుతో పట్టం కట్టారు. ఆయన అన్నగారు తరువాత డెన్మార్క్ రాజయ్యాడు. అక్కడ అన్న, ఇక్కడ తమ్ముడు. రక్తం ఒకటే, రాజ్యాలు రెండు. 1940 ఏప్రిల్ 9న జర్మనీ ఈ రెండు దేశాల మీదా పడింది. డెన్మార్క్ కొన్ని గంటలలో లొంగిపోయింది. హాకన్ లొంగలేదు. రెండు నెలలు పోరాడి, లండన్ చేరి, అక్కడి నుంచి తన ప్రభుత్వాన్ని నడిపాడు. అన్నగారి దేశం పడిపోయినా తమ్ముడి దేశం తన నిర్ణయం తాను తీసుకున్నది. వేరు దేశం కావడమంటే ఏమిటో ఆ రోజున తెలిసింది.

పెద్దిల్లు కూలినప్పుడు

మన వేంగికి అటువంటి రోజు 642లో వచ్చింది. పల్లవరాజు మొదటి నరసింహవర్మ బాదామిని పట్టుకున్నాడు. ఉత్తరాదిని ఏలిన హర్షుణ్ణే నర్మద దగ్గర నిలిపివేసిన పులకేశి ఆ యుద్ధంలో మరణించాడు. బాదామి మళ్లీ తేరుకోవడానికి పన్నెండు పదమూడేళ్లు పట్టింది. విష్ణువర్ధనుడు అంతకు ముందే, 641 ప్రాంతంలో, కాలం చేశాడు. అన్నగారి పతనాన్ని చూడవలసిన దుఃఖం ఆయనకు తప్పింది.

వేంగి కేవలం బాదామి క్రింద ఒక పరగణాగా ఉండి ఉంటే బాదామితోపాటే కూలిపోయేది. కాని అప్పటికే ఇక్కడ సొంత రాజు, సొంత సేన, సొంత ఖజానా, సొంత వారసుడు ఉన్నారు. పెద్ద కుమారుడు జయసింహుడు చెక్కుచెదరకుండా రాజ్యం చేశాడు. పల్నాటి వైపు విప్పర్లలో ఆయన కాలపు శాసనం తెలుగులో ఉన్నది. కన్నడదేశం నుంచి వచ్చిన కుటుంబం ఒక్క తరంలో తెలుగు నేలకు, తెలుగు మాటకు అలవాటు పడింది. 750 ప్రాంతంలో రాష్ట్రకూటులు బాదామి వంశాన్ని తుడిచివేసినా వేంగి చాళుక్యులు నిలిచారు. నన్నయగారు రాజరాజనరేంద్రుని కొలువులో మహాభారతం తెనిగించినది ఈ వంశపు నీడలోనే. 1070 ప్రాంతంలో ఈ వంశపు బిడ్డ కులోత్తుంగుడు చోళ సింహాసనం ఎక్కేవరకు, అంటే సుమారు నాలుగున్నర శతాబ్దాలు, విష్ణువర్ధనుడు నాటిన చెట్టు నిలిచింది.

నడుమ కష్టాలు లేకపోలేదు. రాష్ట్రకూటులకు లొంగి ఆడపిల్లను ఇచ్చి సంధి చేసుకున్న రాజున్నాడు. పన్నెండేళ్లలో 108 యుద్ధాలు చేసి, అన్ని శివాలయాలూ కట్టించాడని శాసనాలు చెప్పే రెండవ విజయాదిత్యుడూ ఉన్నాడు. సర్వాధికారం ఒకసారి వస్తే చాలదు, ప్రతి తరమూ దానిని కాపాడుకోవాలి.

రాజుల సర్వీసు రిజిస్టరు

వేంగి చాళుక్యుల తరువాతి తామ్రశాసనాలలో ఒక మంచి పద్ధతి ఉంది. వరుసగా ప్రతి రాజు పేరు, ఎన్నేళ్లు ఏలాడో వ్రాస్తారు. సత్యాశ్రయుని, అనగా పులకేశి, తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు. అతని కొడుకు జయసింహుడు ఎక్కువ శాసనాలలో 33 ఏళ్లు. అతని తమ్ముడు ఇంద్రరాజు 7 రోజులు. అతని కొడుకు విష్ణువర్ధనుడు 9 ఏళ్లు. ఏడు రోజుల పాలనను కూడా వదిలిపెట్టలేదు. మన సర్వీసు రిజిస్టరులో ఇన్‌ఛార్జిగా చేసిన వారం రోజులు కూడా ఎక్కించినట్లే!

ఈ జాబితా ఎక్కడ మొదలవుతుందో చూడండి. దిగ్విజయాలు చేసిన పులకేశి దగ్గర కాదు, తమ్ముడి దగ్గర. అన్నగారి పేరు గౌరవంగా చెబుతారు, ఏళ్ల లెక్క మాత్రం తమ్ముడితోనే ప్రారంభిస్తారు. చుట్టరికం అక్కడిది, రాజ్యం ఇక్కడిది అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. మా మనవరాలికి నేను చెప్పిన జవాబూ ఇదే. ఎవరి పేరిట ఉత్తర్వు వెలువడుతుందో, ఎవరి ఏళ్లు లెక్కకు వస్తాయో, కష్టం వచ్చిన నాడు ఎవరు నిర్ణయం తీసుకుంటారో, ఇరుగుపొరుగు ఎవరిని యజమానిగా గుర్తిస్తారో, సర్వాధికారం అక్కడే ఉంటుంది. సైన్యం, విస్తీర్ణం ఆ తరువాతి మాట.

మన ఇళ్లలోనూ ఇదే చూస్తున్నాం. పెద్దలు ఓపిక ఉండగానే పిల్లలకు బాధ్యత అప్పగించి, తరువాత ప్రతి చిన్నదానికీ అడ్డుపడకుండా ఉంటే, ఇల్లు రెండయినా బంధం ఒకటిగానే ఉంటుంది. పట్టుకుని కూర్చుంటే పులకేశి ఇంట్లో పినతండ్రికి పట్టిన గతే. ఇచ్చిన అన్నదీ గొప్పతనమే, పుచ్చుకుని నిలబెట్టిన తమ్ముడిదీ గొప్పతనమే.

ఇంత చరిత్ర గల పెదవేగి ఏలూరుకు ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. కేంద్ర పురావస్తుశాఖ వారు 1980లలో ఇక్కడి దిబ్బలలో త్రవ్వకాలు జరిపి పాత కట్టడాలను వెలికితీశారు. చూడడానికి కోటలు, మేడలు లేవు. దిబ్బలు, ఇటుకలు, చుట్టూ కొబ్బరి, నిమ్మ తోటలు కనిపిస్తాయి. తాడేపల్లిగూడెం, భీమవరం, ఏలూరు వైపు సభ్యులు సెలవులలో మనవలను వెంటబెట్టుకుని ఒకసారి రావాలని కోరుతున్నాను. అటునుంచి గుంటుపల్లి బౌద్ధ గుహలు కూడా చూసి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. వచ్చినవారు ఇటుక ముక్క ఒకటి కూడా తీసుకుపోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. అవి మన ఉమ్మడి ఆస్తి, పంపకాలకు రానివి.

సెలవు.